టిక్కెట్టు లేని సముద్రం

చూడ్డానికి డబ్బులడిగే చోటంటే నాకు మొదటినుంచీ గిట్టదు. రైలుకి ఇస్తాను, బస్సుకి ఇస్తాను, భోజనానికి ఇస్తాను. చూపుకి మాత్రం ఇవ్వను. అందుకే శాలిహుండం కొండ, కళింగపట్నం దీపస్తంభం, సముద్రం మూడూ ఉచితమేనని విన్నప్పటినుంచీ అటు వెళ్లాలని మనసు పీకుతూ ఉండేది. చివరికి తోడుగా మా మేనత్త సూరమ్మ దొరికింది.

అత్తది గజపతినగరం పక్క పల్లె. చోళ్లు, అంటే రాగులు, నువ్వులు పండించే మెట్ట సేద్యం. అరవై ఏళ్లు వచ్చినా సముద్రం చూడలేదు. మూడుసార్లు బయలుదేరితే ఒకసారి గేదె ఈనింది, ఒకసారి వాన పట్టుకుంది, ఒకసారి మామయ్యకి జ్వరం తగిలింది. మామయ్య పోయాక ఆ మాటే ఎత్తలేదు. ఈ మాఘమాసంలో తనంతట తనే మా ఇంటికొచ్చి అడిగింది.

"ఒరే, పున్నమికి నన్ను సముద్రంలో ముంచి తీసుకొస్తావేటి?"

సముద్రాన్ని పర్వదినాన తప్ప తాకకూడదని మా పెద్దవాళ్ల పట్టింపు. అందరికంటే అత్తకి మరీ ఎక్కువ. సరేనని గోడమీద క్యాలెండరు చూశాను. పున్నమి ఏ రోజో కనబడింది, అంతే చాలనుకున్నాను.

ముందురోజు పొద్దున్న ఎనిమిదిన్నరకి గజపతినగరంలో పాసింజరు ఎక్కాం. విజయనగరంలో రైలు మారడానికి రెండు గంటల పైనే కూర్చోవాలి. ఆ వేళ అత్త మూట విప్పి చోడి రొట్టెలు, నువ్వుల ఉండలు పెట్టింది. రెండో రైల్లో కిటికీ పక్కన కూర్చుని, కంట్లో బొగ్గు నలుసు పడినా తల లోపలికి తీయలేదు. శ్రీకాకుళం రోడ్డు అని బోర్డున్న స్టేషను ఆమదాలవలసలో ఉంటుంది, అసలు ఊరికి అక్కణ్ణించి బస్సెక్కాలి. కొత్తగా వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి. చీకటి పడకముందే శ్రీకాకుళం సత్రంలో దిగాం. అదీ ఉచితమే.

పున్నమినాడు ఆరున్నర బస్సు నిండా స్నానానికి వెళ్లే జనం. "ముందు మునక, ఆ తరవాత నీ కొండ," అంది అత్త. నేను వినలేదు. శాలిహుండం దారిలోనే ఉంది, ఎండెక్కితే ఎక్కలేం అన్నాను. "సముద్రం ఎక్కడికి పోతాది, అత్తా?" అని కూడా అన్నాను. ఆ మాటకి ఆవిడ మెత్తబడి నాతో దిగింది.

కొండ మీద పాత బౌద్ధ స్తూపాల ఇటుకలు, కింద వంశధార, చల్లటి గాలి. నేను ప్రతి ఇటుకనీ చూశాను. అత్త మాత్రం తూర్పుకేసి చూస్తూ కూర్చుంది.

"ఇన్నిటికలు కాల్సి గోడలు కట్టకుండా గుండ్రంగా పేర్సినారేటి?" అని ఒక్కసారే అడిగింది. నేను చెప్పిన జవాబు ఆవిడకి నచ్చలేదు.

దిగేసరికి బస్సు వెళ్లిపోయింది. గడ్డిబండి అతను దయతలచి ఎక్కించుకుంటే పన్నెండింటికి కళింగపట్నం చేరాం. జనం ఎదురొస్తున్నారు. తడి పంచె భుజాన వేసుకున్న ఒక ముసలాయన మమ్మల్ని చూసి ఆగాడు.

"ఇప్పుడొస్తన్నారేటి? పున్నమి పదిన్నరకే ఎల్లిపోనాది. ఇప్పుడు పాడ్యమి."

సూర్యోదయానికి ఉన్న తిథే రోజంతా లెక్క అని వాదించాను. "ఎవరి పట్టింపు వోరిది, బాబూ," అని ఆయన వెళ్లిపోయాడు.

"తిథి దాటిపోనాక నాను ముట్టుకోను," అంది అత్త. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. అన్నేళ్ల కోరికని కొండ మీద ఇటుకల కోసం చెడగొట్టానే అని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మూడింటికి దీపస్తంభం కాపలా ఆయన్ని బతిమాలితే పైకి ఎక్కనిచ్చాడు. మెట్టుమెట్టుకీ ఆగుతూ అత్త కూడా ఎక్కింది. పైనుంచి సముద్రమంతా ఒక్కసారి కనబడేసరికి కమ్మీ గట్టిగా పట్టుకుంది.

"దీనికి అవతలొడ్డు నేదేటి?"

"ఉన్నాది, మామ్మా. అవతల రంగం," అన్నాడాయన. రంగం అంటే మావైపు రంగూన్.

"మా అయ్య రంగం ఎల్లొచ్చినాడు. ఈ నీల్ల మీదేనా?"

"ఈ నీల్ల మీదే."

అత్త చాలాసేపు ఆ నీళ్లకేసి చూసింది. నేనూ కాపలా ఆయనా దిగమనేదాకా దిగలేదు.

ఐదింటికి ఒడ్డుకి వెళ్లాం. అత్త తడి ఇసుకకి నాలుగు బారల ఇవతల, మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్కన చేపలు ఎండబెట్టిన ఒకావిడ వాటిని బుట్టలోకి ఎత్తుతోంది. "పున్నమి పోటు వస్తాది, ఎనక్కి జరుగమ్మా," అని చెప్పింది. అత్త "ఊఁ" అంది. కాసేపాగి ఆవిడ మళ్లీ చెప్పింది. అత్త మళ్లీ "ఊఁ" అంది, జరగలేదు.

ఉన్నట్టుండి పెద్ద కెరటం ఒకటి వచ్చింది. చేపలావిడ బుట్టతో పరుగెత్తింది. నేనూ పరుగెత్తాను. వెనక్కి తిరిగి చూస్తే అత్త మూట నెత్తిమీద పెట్టుకుని నడుముదాకా నీళ్లలో కూర్చునుంది. నీళ్లు వెనక్కి పోయేదాకా కళ్లు మూసుకుని పెదాలు కదుపుతూనే ఉంది. చెయ్యి పట్టుకుని లేపాను. అపచారం జరిగిందని బాధపడుతోంది కాబోలనుకుని మూట అందుకుని పొడి ఇసుకలోకి నడిపించాను.

ఆరున్నరకి తిరుగు బస్సు. చంద్రుడు మా వెనకే లేచాడు. చీర అంచు పిండుకుంటున్న అత్తని పక్క సీటావిడ అడిగింది.

"మునిగొచ్చినావేటి, వొదినా?"

"నేదమ్మా. వొచ్చేసరికి తిథి దాటిపోనాది. నాను ముట్టుకోనేదు."

నేను తల దించుకున్నాను. అత్త మూటలోంచి పొడిగా మిగిలిన నువ్వుల ఉండ తీసి నా చేతిలో పెట్టి, ఆవిడకేసి తిరిగింది.

"అదే వొచ్చి నన్ను ముట్టుకున్నాది."

బస్సులో సగం మంది నవ్వారు. అత్త కూడా నవ్వింది. అంత హాయిగా నవ్వడం మామయ్య పోయాక నేను చూడలేదు.

కళింగపట్నం వెళ్లేవాళ్లు క్యాలెండరుని నమ్మకండి, పంచాంగం చూసుకోండి. చూడ్డం మరిచిపోతే మాత్రం సాయంత్రందాకా ఉండి, పోటు వచ్చే వేళకి ఒడ్డున కూర్చోండి. ఎవరైనా వెనక్కి జరగమంటే ఊఁ అనండి.