జపాన్‌లో అన్న కాల్చిన నూలుపోగు

జపాన్‌లో సముద్రపు ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో సభలకూ, పోటీలకూ, ప్రదర్శనలకూ ఒకటే పెద్ద భవనం. మేము వెళ్ళిన రోజు పై అంతస్తులో పిల్లల పియానో పోటీ, పక్క హాల్లో డాక్టర్ల సమావేశం, కింద మా బట్టల ప్రదర్శన. అద్దాల గోడ అవతల ఓడలు. వేలూరు దగ్గరున్న మా గుడియాత్తం నుంచి లుంగీ గుడ్డలు తీసుకుని అన్న, నేను వెళ్ళాము. మగ్గాలు అన్నవి. ఇంగ్లీషు నాది. ఆ ఇంగ్లీషు వల్లే అక్కడ నేను యజమానిలా నిలబడ్డాను.

"ఏందప్పా ఇది, ఇంత పెద్ద కట్టడంలో ఒక్కడూ గట్టిగా మాట్లాడడే!" అన్నాడు అన్న. "మన వేలూరు పెళ్ళి మండపంలో అయితే ఈపాటికి సాంబారు కోసం కొట్లాట."

"మెల్లగా అన్నా," అన్నాను, ఎవరైనా వింటున్నారేమోనని చుట్టూ చూస్తూ.

మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చి గుడ్డను వేళ్ళ మధ్య నలిపి, అంతా పత్తి నూలేనా అని నన్ను ఇంగ్లీషులో అడిగింది. మాట అర్థం కాకపోయినా ఆ వేళ్ళ కదలిక అన్నకు అర్థమైంది. మా బజారులో దానికి మాటలతో జవాబు చెప్పరు. అంచు నుంచి ఒక పోగు లాగి వెలిగిస్తారు. అసలు నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది, కల్తీ దారమైతే గట్టిగా ఉండ కడుతుంది. నేను నోరు తెరిచేలోపే అన్న జేబులోంచి లైటరు తీశాడు.

పొగ పెద్దగా రాలేదు. అయినా సిబ్బంది పరుగెత్తుకొచ్చారు. పక్క స్టాళ్ళవాళ్ళు లేచి చూశారు. అన్న మాత్రం బూడిదను అరచేతిలో పెట్టుకుని, "ప్యూరమ్మా, ప్యూరు! వాసన చూడు" అని ఆ పెద్దావిడకు నవ్వుతూ చూపిస్తున్నాడు.

సిబ్బందిలో ఒకామె, ఈయన మీకేమవుతారని నన్ను అడిగింది.

మా అన్న, ఈ గుడ్డ నేయించింది ఈయనే అంటే సరిపోయేది. "వర్కర్. ఏమీ తెలీదు," అన్నాను.

వర్కర్ అంటే ఏమిటో అన్నకు తెలుసు. మా మగ్గాల షెడ్డులో రోజూ వాడే మాటే. ఆయన నవ్వు ఆగిపోయింది. పనివాణ్ణి హాల్లో ఉంచవద్దని ఆమె మర్యాదగానే చెప్పింది. అన్న తన మెడలోని కార్డు తీసి నా చేతిలో పెట్టి బయటికి నడిచాడు. సాయంత్రం దాకా అద్దం అవతల, సముద్రం వైపు తిరిగి బెంచీ మీద కూర్చున్నాడు. నేను వచ్చినవాళ్ళతో ఇంగ్లీషు మాట్లాడుతూ ఉండిపోయాను.

ఇంటికి వచ్చాక అన్న ఈ సంగతి చెప్పి అందరినీ నవ్వించాడు. "నన్ను చూసి ఫైరింజన్ను పిలవబోయినారు జపానోళ్ళు!"

"సిగ్గు లేకుండా ఎట్ల చెప్పుకుంటాండారో చూడు!" అంది వదిన. "అప్పుడు మీ తమ్ముడు యాడుండినాడు?"

"పక్కనే ఉండినాడు. మా తంబి మాట్లాడబట్టే విడిచిపెట్టినారు. లేకుంటే ఆడ జైల్లో కంజి తాగతా ఉందును."

వదిన సంతోషంగా నా తట్టలో ఇంకో దోసె వేసింది. తలవంచుకుని తిన్నాను.

అన్నకు తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదు. అందుకే ఇక్కడ ఇంత ధైర్యంగా రాస్తున్నాను. దీన్ని ఆయన ఎదుట కూర్చుని నేనే చదివి వినిపించాలి. ఇంకా వినిపించలేదు.