కంప్యూటరు విన్న బాపు

పక్షవాతం వచ్చాక మా బాపు మాట్లాడడం మానలేదు. మాకు అర్థం కావడం మాత్రం ఆగిపోయింది. మందమర్రి బొగ్గు గనిలో పనిచేసి రిటైరై, అక్కడి ఇంటికి తాళం వేసి నా దగ్గరికొచ్చిన మనిషి. బడి ముఖం చూడలేదు కనుక రాసి చూపించలేడు. తల ఊపమంటే ఊపేవాడు గానీ, అవునన్నా కాదన్నా ఒకటే ఊపు. కరీంనగర్‌లో నేను అద్దెకుంటున్న ఇంట్లో, మంచం మీద పడుకుని, రోజంతా ఒకే మాట అడిగేవాడు. నీళ్ళిచ్చాం, దుప్పటి కప్పాం, బీడీ వెలిగించాం, ఫ్యాను వేశాం, ఆపాం. మాట ఆగలేదు. చివరికి అన్నం మానేశాడు. అవ్వ, అంటే మా అమ్మ, ముద్ద తెస్తే ముఖం తిప్పుకుని మళ్ళీ అదే అనేవాడు.

"గాయిన అడిగేది తెలిసేదాక తినడు బిడ్డా," అంది అవ్వ.

తినకపోతే మనిషి దక్కడని డాక్టరు చాలా మర్యాదగా చెప్పాడు.

తొంభైల మొదటి రోజులవి. నేను కాలేజీలో పాఠాలు చెబుతూ, మనం మాట్లాడితే అక్షరాలుగా రాసే కంప్యూటరు మీద పరిశోధన చేస్తున్నాను. పరిశోధన అంటే కొంచెం పెద్ద మాట, కరెంటు ఉన్నప్పుడు చేసేవాణ్ణి. ప్రోగ్రాములో రెండు భాగాలు. మొదటిది శబ్దం విని, ఇది ఫలానా మాట కావచ్చంటూ నాలుగైదు మాటలు ముందు పెడుతుంది. రెండోది, ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో ముందే చదువుకుని ఉంటుంది కనుక, వాటిలోంచి ఒకటి ఎంచుతుంది. మొదటిదానికి చెవులుంటాయి, రెండోదానికి అలవాటు ఉంటుంది. సరిగ్గా వినపడని చోట అలవాటే దిక్కు.

బాపు గొంతు టేపు మీద పట్టి కంప్యూటరుకు వినిపించాను. రెండో భాగానికి నేను చదివించినవి దినపత్రికలు. అందువల్ల మా బాపు మంత్రివర్గ విస్తరణ కోరుతున్నాడని తేలింది.

పత్రికలు తీసేశాను. బాపు రోజూ మాట్లాడే మాటలే కావాలి. అవి తెలిసింది అవ్వకు. టేపు రికార్డరు ముందు కూర్చోమంటే తల దువ్వుకుని, కొంగు సర్దుకుని వచ్చి, రేడియో వార్తల గొంతు పెట్టింది.

"వారు ఉదయమే లేచి, దయచేసి చాయ్ ఇవ్వండి, అంటారు."

"అవ్వా! బాపు ఎన్నడన్న దయచేసి అన్నడా?"

"మైకుల మాట్లాడుతున్న, కొడుకా. నలుగురు ఇంటరు. గాయిన ఇజ్జత్ నేనే తియ్యాల్నా?"

"ఇనేది కంప్యూటర్ ఒక్కటే."

"అయితే గా కంప్యూటర్ ఏమనుకోదా?"

ఆ మర్యాదంతా నేర్చుకున్న కంప్యూటరు ఒక్క మాటా పట్టలేకపోయింది. బాపు నోట తిట్టు లేకుండా వాక్యం మొదలయ్యేది కాదు. చాయ్ అడగడానికి ఒక తిట్టు, చెప్పుల కోసం ఇంకోటి, నాకోసం విడిగా కొన్ని. తిట్టును బట్టే తర్వాతి మాట వచ్చేది. తిట్లు తీసేస్తే ఊహించడానికి ఆధారమే మిగలలేదు.

అప్పటికి బాపు నీళ్ళు కూడా వద్దంటున్నాడు.

"తిట్లు చెప్పు అవ్వా. మనిషి పోతుండు."

అవ్వ గోడవైపు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. నేను టైపు చేశాను. మధ్యలో ఒకసారి నవ్వింది, తర్వాత ఏడ్చింది. ఆ రెండూ టైపు చేయలేదు.

మర్నాడు తెర మీద వాక్యం వచ్చింది: లుచ్చా నా కొడుకా, మందమర్రికి తీస్కపో. టేపు ఎన్నిసార్లు తిప్పినా అదే.

"గదే! గదే అంటుండు," అని అవ్వ కళ్ళు తుడుచుకుంది.

దారిలో ఏమైనా కావచ్చు, కదిలించొద్దన్నాడు డాక్టరు. నేను జీపు మాట్లాడి వెనక పరుపు వేయించాను. మంచిర్యాల దాటేదాకా బాపు నోరు విప్పలేదు. అవ్వ పట్టిస్తే రెండు గుక్కల నీళ్ళు కూడా తాగాడు. నా పరిశోధన మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది.

మందమర్రిలో ఇంటి తాళం తీసి, ఆయన మంచం మీదే పడుకోబెట్టాం. ఒకప్పుడు బాపుతో ఒకే షిఫ్టులో గనిలోకి దిగిన పక్కింటాయన వచ్చి, "ఇంటికొస్తివి, ఇగ నీకేం ఫికర్?" అన్నాడు. బాపు గోడలు చూశాడు. మమ్మల్ని చూశాడు. అదే మాట అన్నాడు. అదే వరస, అదే ఒత్తు.

నేను అవ్వ వైపు చూశాను. అవ్వ నేల చూసింది.

"మందమర్రి పోదామని బాపు గంతగనం అంటుండెనా అవ్వా?"

"గాయినెప్పుడన్నడు? నేనే అంటుంటి. కరీంనగర్‌ల నాకు పాణం నిల్వలే. గాయిన తిట్లు చెప్పుకుంట, గా ముచ్చట సుత కలిపి చెప్పిన. మస్తు సార్లు చెప్పిన కావచ్చు. గాయినకు సుత గదే ఉంటదనుకున్న, కొడుకా."

కంప్యూటరును అనడానికేమీ లేదు. వినపడని చోట అలవాటు చూపిన దారిన పోయింది. ఇప్పుడది కరీంనగర్‌లో ఉంది, మేమిక్కడున్నాం.

అవ్వ ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టింది. "జర తిను. తెలుసుకుంటం తియ్. ముందుగాల తిను."

బాపు ఆమె చేతిని పక్కకు నెట్టి మళ్ళీ అన్నాడు. ఈసారి ఒక్కో శబ్దం విడదీసి, మెల్లగా, చెవిటివాళ్ళకు చెప్పినట్టు.