ఉలవలు తిన్న కారు

కారు అనేది ఇంట్లో మనిషితో సమానంగా బతికిన రోజులవి. మరీ పాతకాలమేమీ కాదు, చేతిలో సెల్‌ఫోన్లు ఉన్నాయి, మా చీపురుపల్లి చుట్టుపక్కల ఊళ్ళల్లో డిష్‌లూ ఉన్నాయి. కానీ మా వీధిలో కారున్న ఇల్లు మా మావ వాళ్ళదొక్కటే. (మావ అంటే మా అమ్మకి తమ్ముడు. అమ్మా నేనూ ఆయన ఇంట్లోనే ఉండేవాళ్ళం, నన్ను డిగ్రీ దాకా చదివించిందీ ఆయనే.) ట్రాక్టర్లొచ్చాక ఎడ్లని అమ్మేసి కొన్నాళ్ళు దిగులుపడ్డాడు. ఆ తర్వాత విజయనగరంలో ఎవరో వాడేసిన చిన్న తెల్ల కారు కొనుక్కొచ్చి, ఖాళీగా ఉన్న ఎడ్లపాకలోనే కట్టేశాడు. కట్టేశాడని ఊరికే అనడం లేదు, మొదటి వారం నిజంగానే బంపర్‌కి పలుపుతాడు వేసి గుంజకి ముడేశాడు. అమ్మేసిన ఎద్దు పేరే దీనికీ పెట్టాడు, తెల్లోడు.

పేరుతో పాటు మేత అలవాట్లు కూడా వచ్చేశాయి. మామూలు రోజుల్లో తెల్లోడికి మామూలు పెట్రోలు. పెళ్ళికో, పెద్దాసుపత్రికో, అలాంటి పెద్ద పని ఏదైనా ఉంటే మాత్రం హైవే మీద బంకుకి తీసుకెళ్ళి ప్రీమియం పోయించేవాడు. దుక్కులు మొదలయ్యే ముందు ఎడ్లకి ఉలవలు ఉడకబెట్టి పెట్టడం మావకి చిన్నప్పటినుంచీ అలవాటు, ఆ లెక్కే ఇది కూడా. నేను బీఎస్సీ కెమిస్ట్రీ. అప్పుడే చదువు ముగిసింది, తెలిసింది నలుగురికీ చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయే వయసు. "మావా, ప్రీమియంలో ఎక్కువుండే ఆక్టేన్ అంటే బలం కాదు. ఇంజన్లో నొక్కుడు ఎక్కువైనప్పుడు పెట్రోలు తొందరపడి ముందే భగ్గుమనకుండా ఓర్చుకునే గుణం. పెద్ద పెద్ద ఇంజన్లకి ఆ ఓర్పు కావాలి గానీ, మన తెల్లోడికి మామూలుదే చాలని కారుతో ఇచ్చిన పుస్తకంలోనే రాసుంది" అని అరుగు మీద కూచుని పాఠం చెప్పేదాన్ని. మావ బీడీ ఆర్పకుండా అంతా వినేవాడు. విని, "ఆ పుస్తకం రాసినోడు మన రోడ్డెక్కినాడేటే? ఉలవలు తిన్న ఎద్దూ, ఎండుగడ్డి తిన్న ఎద్దూ ఒక్కలాగే దున్నుతాయేటే?" అనేవాడు. అత్త నవ్వేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

అలా ఉండగా నాకు ఉద్యోగం వచ్చింది. పాతపట్నంలో ఒక ఆఫీసులో గుమాస్తా పని. మా ఇంటావంటా లేని సర్కారు ఉద్యోగం! ఆర్డరు రాగానే పరుగెత్తాలి కదా? అమ్మ అమావాస్య అంది, మావ మంగళవారం అన్నాడు, మిగిలిన రోజుల్ని పంతులుగారు వర్జ్యాలతో తుడిచేశారు. చివరికి అందరూ కలిసి తేల్చిన మంచిరోజు ఏదయ్యా అంటే, చేరడానికి ఆఖరి గడువు రోజు. ఆ ఆఫీసుకి ఫోన్ చేస్తే, "ఆ రోజు మధ్యాహ్నం లోపు రామ్మా. ఆ తర్వాత ఆఫీసరుగారు క్యాంపుకి వెళ్ళిపోతారు. ఆ రోజుకి చేరకపోతే ఆ పోస్టు వెనకాలున్నవాళ్ళకి పోతుంది, ఆపైన మేం చేసేదేమీ ఉండదు" అన్నారు. పొద్దున్నే బస్సుకి పోతానన్నాను. మావకి కోపం వచ్చింది. "మొదటిరోజు ఉద్యోగానికి బస్సులో నిలబడి ఎల్తావేటి? తెల్లోడున్నాడు, నానున్నాను" అన్నాడు.

అన్నవాడు ఊరుకున్నాడా? రెండ్రోజుల ముందే ట్యాంకు నిండా ప్రీమియం కొట్టించుకొచ్చి, పాకలో పెట్టి, ఎవర్నీ తాళం ముట్టనివ్వలేదు. "మేత అరగాల. తిన్నెంటనే తోలితే కడుపునొప్పి వస్తాది" అన్నాడు. పోనీ అలాగైనా ఉంచాడా అంటే, మేనకోడలికి ఉద్యోగం వచ్చిందని చూడ్డానికొచ్చిన ప్రతి చుట్టాన్నీ కార్లో కూచోబెట్టాడు. లైట్లు వేసి చూపించాడు, పాటలు పెట్టాడు, ఫ్యాను తిప్పాడు. ఇంజన్ మాత్రం వెయ్యలేదు, ఉలవలు ఖర్చయిపోతాయని.

ఆ రోజు తెల్లారగానే దేవుడికి దండం పెట్టుకుని, పెరుగూ పంచదారా తిని, కొత్త చీర కట్టుకుని కార్లో కూచున్నాను. మావ తాళం తిప్పాడు. టక్కుమంది. మళ్ళీ తిప్పాడు. ఈసారి అది కూడా అనలేదు. అమ్మ గుమ్మంలో నిలబడి గుండెల మీద చెయ్యేసుకుంది. మావ మొహం వాడిపోయింది. కాసేపు ఆలోచించి, "ఓలమ్మా, అరగలేదు! బలమైన మేత ఎక్కువైపోనాది. తీసీయాల" అంటూ పంపుసెట్టు డీజిల్ లాగే రబ్బరు గొట్టం కోసం లోపలికి పరుగెత్తాడు.

ఇంక చూడండి నా అవస్థ. ఏడాదిగా ప్రీమియం దండగ, దండగ అని అరిచినదాన్ని, ఇప్పుడు ఆ ప్రీమియం తరఫున వకాల్తా పుచ్చుకోవలసి వచ్చింది. "మావా, పెట్రోలు మంచిదే మావా! దాని తప్పేం లేదు! నువ్వు రెండ్రోజులు పాటలు పెట్టావు, బ్యాటరీ అయిపోయింది!" అని నేను మొత్తుకుంటే వినే నాథుడేడీ? "నిన్నటిదాకా పనికిరాదన్నావు, ఇప్పుడు మంచిదంటన్నావు. నీ సదువు ఏ పక్కనున్నాదే?" అన్నాడు. ఈలోపు వీధి వీధంతా పోగయింది. ఒకాయన దిష్టి తగిలిందన్నాడు. ఒకాయన గుమ్మడికాయ తెమ్మన్నాడు. మావ గొట్టం ట్యాంకులోకి దోపి నోటితో లాగాడు, అది కాస్తా నోట్లోకే వచ్చింది. ఉమ్ముతున్నాడు, కళ్ళంట నీళ్ళు కారుతున్నాయి. పక్కింటి తాతకి ఆ సమయంలోనే అనుమానం రావాలా! "ఒరే, ఎలగున్నాదిరా ఆ ఖరీదైన పెట్రోలు?" అనడిగాడు. మావ ఇంకోసారి ఉమ్మి, "మామూలు దాన్లాగే ఉన్నాది" అన్నాడు. "అదే కదా మావా నేను చెప్పింది!" అని అరిచేశాను. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చేసింది. నేను ఎక్కాల్సిన శ్రీకాకుళం బస్సు అప్పటికే రోడ్డెక్కి వెళ్ళిపోయింది. ఎండ ఎక్కుతోంది, నా ఉద్యోగం ఎడ్లపాకలో నిలబడిపోయింది.

నా ఏడుపు చూసి మావ గొట్టం కింద పడేశాడు. "అయితే ఏటి సెయ్యాలో నువ్వే సెప్పే" అన్నాడు. "తోస్తే అందుకుంటుంది" అన్నాను. అప్పుడే ఊడుపులకి పోతున్న ఆడవాళ్ళు గుంపుగా వస్తున్నారు. అత్త ఎదురెళ్ళి కేకేసింది, "ఓలమ్మా, పిల్ల ఉద్యోగానికెల్లాల, ఓ సెయ్యెయ్యండే!" అంతే, చీర చెంగులు బిగించి అందరూ కారు వెనక చేరారు. నేనూ దిగి తోశాను, అమ్మా తోసింది, దిష్టీ గుమ్మడికాయా అన్నవాళ్ళూ తోశారు. "ఉద్యోగమొస్తే మాకు సీరలెట్టాలే కోడలా!" అని ఒకావిడ, "ముందు దీన్ని కదలనీయే" అని ఇంకొకావిడ. వీధి చివర తెల్లోడు ఒక్కసారి ఎగిరి, దగ్గి, అందుకున్నాడు. ఆ కేకలు, ఆ చప్పట్లు నేను మరిచిపోలేదు. అంతమంది నా కోసం తోశారే అని ఇప్పటికీ కళ్ళు చెమ్మగిల్లుతాయి.

"ఆపితే మళ్ళీ తొయ్యాల. ఆపను" అని మావ ఒట్టు పెట్టుకున్నాడు. టీ తాగలేదు. దారిలో కనబడ్డ ప్రతి గుడికీ కారు నడుపుతూనే ఒంటిచేత్తో దండం పెట్టాడు. అత్త కట్టిచ్చిన ఇడ్లీ ముక్కలు నేనే నోటికందించాను. రైలు గేటు దగ్గర బళ్ళన్నీ ఇంజన్లు ఆపుకుంటే, మావ మాత్రం రయ్యి రయ్యిమనిపిస్తూ కూచున్నాడు. పక్కనున్న ఆటో అతను విసుక్కున్నాడు, "ఆపరాదేటి బాబూ, సెవులు పోతన్నాయి!" మావ చేతులు జోడించి, "ఆపితే మా పిల్ల ఉద్యోగం పోతాది బాబూ" అన్నాడు. గేటు తియ్యగానే అతను తన ఆటో పక్కకి లాగి మమ్మల్ని ముందు పోనిచ్చాడు.

మేం చేరేసరికి ఆఫీసరుగారు జీపు ఎక్కబోతున్నారు. నా ఆయాసం చూసి ఏమనుకున్నారో, వెనక్కి వచ్చి కూచున్నారు. కాయితాలు చూశారు, సంతకం పెట్టమన్నారు. పెట్టాను. మిగతా తతంగమంతా అయ్యేసరికి చాలాసేపు పట్టింది. బయటికొస్తే, మావ మండుటెండలో చొక్కా తడిసిపోయి కార్లోనే ఉన్నాడు. ఇంజన్ ఆడుతూనే ఉంది! ఒక్క చుక్క వృథా కాకూడదని రెండ్రోజులు కాపలా కాసిన పెట్రోలు అలా నిలబెట్టి కాల్చేస్తున్నాడు.

"ఇంకా ఆపలేదేంటి మావా?"

"ఏదో కాయితం తక్కువైందని ఎక్కడికైనా పరుగెత్తమంటే? పెట్టీసినావా సంతకం?"

"పెట్టేశాను మావా."

అప్పుడు తాళం తిప్పి ఆపేశాడు. స్టీరింగు మీద తల వాల్చాడు. తర్వాత ఇద్దరం చెట్టు కింద బండి దగ్గర టీ తాగాం. "ఇంక తొయ్యడానికి ఎవుల్ని పిలుద్దాం?" అని నవ్వుతూనే, ఊరికే చూద్దామని తాళం తిప్పాడు. తెల్లోడు ఒక్క దెబ్బకి అందుకున్నాడు. మావ కళ్ళు మెరిశాయి. "సూసినావేటే? ప్రీమియం! నెమ్మదిగా అరిగినాది!"

అంతదూరం నడిస్తే బ్యాటరీ దానంతటదే నిండుతుందని అప్పుడు వెలిగింది నాకు. అంటే దారిలో ఆపి హాయిగా టీ తాగి ఉండొచ్చు, ఎండలో అలా మాడనవసరమే లేదు. కంగారులో ఈ పాఠం నాకే గుర్తు రాలేదు. చెబుదామని నోరు తెరిచాను. ఎర్రబడిన ఆయన కళ్ళు చూశాను. "అవును మావా, ప్రీమియమే" అన్నాను.

ఇప్పుడు నాకూ కారుంది, దానికి మామూలు పెట్రోలే పోయిస్తాను. ఆఫీసులో ఎవరడిగినా మన కార్లకి ఖరీదైనది దండగనే చెబుతాను. మావ మాత్రం ఊళ్ళో అందర్నీ ప్రీమియమే పోయించమంటాడు. ఎవరైనా కాదంటే, "కెమిస్ట్రీ సదివిన మా మేనకోడలే ఒప్పుకున్నాది, అడగండి కావాలంటే" అంటాడట. పండక్కో పబ్బానికో వెళ్ళినప్పుడు నిజంగానే వచ్చి అడుగుతారు. మావ నా మొహంలోకే చూస్తుంటాడు. నేను అవునంటాను.