ఒక్క తప్పూ లేని ఉదయం

ఆమెకు ఒకసారి చూస్తే నమ్మకం కుదరదు. ఇంటికి తాళం వేసి మెట్లు దిగాక మళ్ళీ ఎక్కి, తాళాన్ని లాగి చూస్తుంది.

"అమ్మా, నువ్విలా లాగుతుంటే అది ఊడొస్తుంది," అని కూతురు ఏడిపిస్తుంది.

ఆఫీసులోనూ అంతే. తాగునీటి పంపుహౌసుల కంప్యూటర్లలోకి దొంగలు చొరబడకుండా కాపలా కాయడం ఆమె ఉద్యోగం. కిటికీ లేని గది, గోడ నిండా తెరలు, వాటి మీద చినుకుల్లా జారే అక్షరాలు. కిందటేడు ఏదో చూసి హడలిపోయి ఒక పంపుహౌసును నెట్‌వర్క్ నుంచి తెంపేసింది. తీరా చూస్తే అక్కడి గడియారం తప్పు నడిచింది, అంతే. ఒక పేట పేటంతా మధ్యాహ్నం దాకా నీళ్ళకు అల్లాడింది. లేని పులిని చూసి అరిచిందని అప్పటినుంచీ ఆమె అందరికీ "పులక్క."

"ఇంకోసారి ఇలా చేస్తే ఈ కుర్చీ మీది కాదు," అన్నాడు అప్పట్లో పెద్దసారు.

ఆ ఉదయం ఎనిమిదింటికి పెద్ద పంపుహౌసు కంప్యూటరులోకి ఆపరేటరు పేరుతో ఎవరో ప్రవేశించారు. పాస్‌వర్డు సరిపోయిందని తెర మీద పచ్చగీత వెలిగింది. అంతా సవ్యంగా ఉంది. అదే ఆమెకు మింగుడు పడలేదు.

ఆ ఆపరేటరును ఆమె ఎన్నడూ చూడలేదు. ఫోనులో బాబాయ్ అని పిలుస్తుంది. కానీ ఆయన వేళ్ళు ఆమెకు తెలుసు. ఎప్పుడో మోటారు బెల్టులో నలిగిన చూపుడువేలు పాస్‌వర్డు దగ్గర రోజూ ఒకసారి తడబడుతుంది. ముందు ఎర్రగీత, తర్వాత పచ్చగీత. ఆరేళ్ళుగా ఆయన అలాగే వస్తున్నాడు. ఇవాళ ఎర్రగీతే లేదు.

ఫోను చేసింది.

"బాబాయ్, ఎక్కడున్నారు?"

"ఎక్కడేంటమ్మా! బస్సు ఆగిపోయింది, అందరం దిగి తోస్తున్నాం. ఏం, మళ్ళీ పులొచ్చిందా?"

స్పీకరులో ఆ మాటలు విని వెనక నుంచి పెద్దసారు అన్నాడు: "రాత్రి డ్యూటీ అతను ఈయన పాస్‌వర్డు వాడుంటాడు. కనుక్కోండి ముందు. తొందరపడకండి."

"బాబాయ్, మీ పాస్‌వర్డు ఎవరికైనా చెప్పారా?"

"నాకే సరిగా రాదు, ఇంకొకరికేం చెప్తాను!"

ఆమె కుర్చీ అంచును ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పంపుహౌసును తెంపేసింది. తెర మీద ఆ గడి నల్లబడింది. అక్కడి మనుషులు వాల్వుల చక్రాలు చేత్తో తిప్పి నీళ్ళు వదిలే వరకు ఆమె కూర్చోలేదు.

సాయంత్రానికి తేలింది. దూరాన కూర్చున్న ఎవరో నీళ్ళలో కలిసే క్లోరిన్‌ను పదింతలు చెయ్యబోయారు. అంకె మార్చారు, ఖాయం చేసే మీట నొక్కేలోపు దారి తెగింది.

పెద్దసారు మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

మర్నాడు ఎనిమిదింటికి ఎర్రగీత. మళ్ళీ ఎర్రగీత. ఇంకోటి. ఫోను మోగింది.

"అమ్మా, ఈ కొత్త పాస్‌వర్డు ఎవడు పెట్టాడు? నన్ను బయటే నిలబెట్టేసింది!"

"నేనే బాబాయ్," అని ఆమె నవ్వింది. ఎన్నాళ్ళకో.

ఆ నవ్వు పూర్తి కాకముందే చూపు పక్క తెరల మీదికి పాకింది. వందల పచ్చగీతలు. వాటి వెనక వేళ్ళు ఎవరివో ఆమెకు తెలియదు. కుర్చీ ముందుకు లాక్కుంది.