పాట అడుగున నర్సింహన్న

నర్సింహన్న ఇక లేడు. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగుతుండగా ఆయన కూతురు స్వాతి ఫోన్ చేసి, గుండెపోటు వచ్చిందనీ ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే ప్రాణం పోయిందనీ చెప్పింది. వాళ్లిల్లున్న ఎల్బీనగర్‌కు వెళ్లే షేర్ ఆటో ఎక్కాను. ఎందుకో మధ్యలో దిగిపోయి మళ్లీ ఇంకొకటి ఎక్కాను. ఆనాటి అస్థిమితం ఇంకా నన్ను వదల్లేదు. ఈ నాలుగు మాటలూ లేచి తిరుగుతూ, వచ్చి కూర్చుంటూ రాస్తున్నాను.

బేస్ గిటార్ కళాకారుడు నర్సింహ పేరు పాఠకుల్లో చాలామందికి తెలియదు. ఆయన వాయించింది మాత్రం తెలియకుండానే విని ఉంటారు. సినిమా పాటలు, భక్తిగీతాలు, బతుకమ్మ పాటలు, చర్చి కీర్తనలు, ఖవ్వాలీలు, పెళ్లి ఆర్కెస్ట్రాలు... నాలుగు లావుపాటి తీగలతో ఆ బహుముఖ ప్రజ్ఞాశాలి అడుగుపెట్టని చోటు లేదు. నేను డ్రమ్స్ వాయిస్తాను. పెద్ద డ్రమ్మును తొక్కే నా కుడికాలు, ఆయన కుడిచెయ్యి ఒకే క్షణంలో పడాలి, లేకపోతే పాట కుంటుతుంది. అలా ఏళ్ల తరబడి ఒకరినొకరు కనిపెట్టుకుని బతికిన సాహచర్యం మాది.

మనిషికి కుదురు లేదు. ఊళ్లకు కచేరీలకు పోయేటప్పుడు కిటికీ సీటు ఇచ్చినా నగరం చివరి హయత్‌నగర్ దాటకముందే లేచి డ్రైవర్ పక్కకు పోయేవాడు. కచేరీ అయి జనం చప్పట్లు కొడుతుంటే అప్పటికే వైర్లు చుట్టేస్తుండేవాడు. "నెక్స్ట్ ఏంది తమ్మీ?" అన్నది ఆయన ఊతపదం. "కాసేపు కూర్చో అన్నా, ఎవరు తరుముతున్నారు నిన్ను?" అని నేను ఆటపట్టిస్తే, "కూసుంటే చేతి ఏళ్లు గట్టిపడ్తయి" అనేవాడు. ఆ తొందర చూసి నాకు అప్పుడు నవ్వొచ్చేది, ఇప్పుడు తలచుకుంటే కోపం వస్తోంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో మేం రికార్డింగ్ చేసే గది ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉండేది. ఒకరోజు కింది నుంచి లెక్కల సారు వచ్చి, "మీరు వాయిస్తుంటే మా కిటికీ అద్దాలు అదురుతున్నాయండీ, పిల్లలు పరీక్ష రాస్తున్నారు" అన్నారు. సంగీత దర్శకుడు చిరాకుపడ్డాడు. నర్సింహన్న జేబులోంచి దస్తీ తీసి, మడతపెట్టి తీగల కింద దోపాడు. ధ్వని పొట్టిగా, మెత్తగా, తలుపు మీద వేలితో తట్టినట్టు వచ్చింది. దర్శకుడికి అది ఎంత నచ్చిందంటే, ఆ తరహా వాయింపుకు 'దస్తీ సౌండ్' అన్న పేరే స్థిరపడింది. చేతిరుమాలు అన్న నా కోస్తా మాట ఆ గదిలో చెల్లనే లేదు.

అండాలు వదినతో ఆయన పెళ్లే ఒక పొరపాటు మీద జరిగింది. మధ్యవర్తి "పిలగాడు బేస్‌ల చేస్తడు" అన్నాడట. తుర్కయంజాల్‌లోని వదిన పుట్టింటివాళ్లు అది ఎయిర్ బేస్ అనుకుని, అల్లుడు మిలిటరీ అని చుట్టాలందరికీ చెప్పుకున్నారు. "పెండ్లినాడు ఈయన సంచిలకెళ్లి గిటార్ తీస్తె మా నాయిన మొకం సూడాలె" అని వదిన మమ్మల్ని నవ్వించేది. "పోనీ, గిటారన్న ఇనపడ్తదా? కరెంటుకు పెట్టకుంట టిక్కుటిక్కుమని కొడ్తడు, బల్లి లెక్క."

కిరాయి ఇల్లు కాబట్టి అన్న ఇంట్లో స్పీకర్ పెట్టేవాడు కాదు. ఆయన ఊళ్లు తిరుగుతుంటే ఇల్లూ పిల్లా ఆమె మీదే పడ్డాయి, కచేరీలకు వచ్చే తీరికే లేకపోయింది. దినాలనాడు స్వాతి తన ఫోన్‌లో తండ్రి వాయించిన పాటలు పెట్టింది. వదిన ఆ ఫోన్ చెవికి ఆనించుకుని చాలాసేపు విన్నది.

"తమ్మీ, గిండ్ల మీ అన్న ఏడున్నడు?" అని నన్నడిగింది.

అంత చిన్న ఫోన్‌లో బేస్ లాంటి మంద్రధ్వని పలకదు. ఒక మనిషి ఆయుష్షంతా ధారపోసిన విద్య కట్టుకున్న భార్య చెవికే చేరలేదు.

మర్నాడు పొద్దున్నే నా పెద్ద స్పీకర్లు రెండూ ఆటోలో వేసుకుని ఎల్బీనగర్ వెళ్లాను. అన్న వాయించిన ఒక బతుకమ్మ పాట పెట్టాను. అందులో ఎవరి వాయిద్యం వారిది విడిగా నా ల్యాప్‌టాప్‌లో ఉంది.

"మంచిగుంది. ఆయనది ఏది?" అంది వదిన.

బేస్ ఒక్కటే వినిపించాను. "గింతేనా?" అని మొహం చిన్నబుచ్చుకుంది. మళ్లీ అందరినీ కలిపి పాట మొదలుపెట్టాను. పల్లవి రెండోసారి నడుస్తుండగా బేస్ మాత్రం తీసేశాను. డప్పు మోగుతూనే ఉంది, ఆడవాళ్లు పాడుతూనే ఉన్నారు. వదిన చటుక్కున తలెత్తి స్పీకర్ల వైపు, తర్వాత నా వైపు చూసింది.

"ఏడికి పోయిండు?" అంది.

బేస్ మళ్లీ పెంచి ఆయన్ను పాటలోకి తిరిగి తెచ్చాను. ఆ మహాకళాకారుడికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పాటను దాటించి ఆయన్ను ఇంటికి తేవడం మాత్రం నావల్ల కాలేదు.