పొన్నై మేస్త్రికి అమ్మిన కల్చట్టి

అది 1994. వేలూరులో పెద్దాసుపత్రి వెనక వీధిలో నాకు పాత్రల కొట్టు ఉండేది. ఇల్లు గుడియాత్తంలో. రోజూ బస్సులో వచ్చి పోయేవాణ్ణి. ఆ వీధి నిండా లాడ్జీలే. వైద్యానికి దూరం నుంచి వచ్చినవాళ్ళు వారాల తరబడి గది తీసుకుని, కిరసనాయిలు స్టవ్ మీద తామే వండి, రోగికి క్యారియర్ పట్టుకుపోయేవారు. ఊరికి బయలుదేరే రోజు గిన్నెలన్నీ తెచ్చి మాకే అమ్మేసేవారు. మా వ్యాపారంలో దీన్ని బై-బ్యాక్ అంటాం.

కొట్టు ముందు నాకొక డిస్‌ప్లే బల్ల ఉండేది, అంటే సరుకును నలుగురికీ కనబడేలా పరిచే బల్ల. నాకు నచ్చిన వస్తువు ఎక్కడ దొరికినా తెచ్చి దాని మీద పెట్టేవాణ్ణి. ఆలంగాయంలో కొన్న కొండతేనె, పనసకొయ్య గరిటె, పిడి పట్టుకుంటే చెయ్యి కాలని కాఫీ గిన్నె, ఈతాకుతో అల్లిన మూతబుట్ట. విదేశీ సరుకుకు దేశం తలుపులు తెరిచారని పత్రికలు రాస్తున్న కాలం. రంగు ప్లాస్టిక్ డబ్బాలు, నాన్‌స్టిక్ పెనాలు లారీల్లో దిగుతున్నాయి. అన్ని కొట్లలోనూ అవే. నా బల్ల మాత్రం వేరుగా ఉండాలని నా తాపత్రయం. కొనకపోయినా ఒక నిమిషం ఆగి, "ఈ వారం ఏం తెచ్చినావప్పా?" అని అడిగేవాళ్ళుండేవారు. ఆ మాట వినడం నాకు లాభం కన్నా ఎక్కువ ఇష్టం.

ఆ వారం బల్ల మీద కల్చట్టి పెట్టాను. బలపపు రాయిని తొలిచి చేసే వంటపాత్ర అది. ఆంధ్రా వైపు రాచిప్ప అంటారు. గుండ్రటి అంచు, నున్నటి బూడిదరంగు. ఎండ పడితే చూపు తిప్పుకోలేం.

ఒక మధ్యాహ్నం మునిరత్నం అనే కట్టుబడి మేస్త్రి వచ్చి దాని ముందు నిలబడ్డాడు. పొన్నై అనే ఊరి మనిషి. గోళ్ళ సందుల్లో ఇంకా సిమెంటు ఉంది.

"ఇట్లాంటిదే మా ఇంట్లో ఉండాది నాయనా. మా ఆడమనిషి ఆసుపత్రిలో ఉండాది, ఇడిసిపెట్టి ఊరికి పోయి తెచ్చేదానికి లేదు. ఏం పెట్టినా వద్దంటాది. వొంట్లో కొంచెం సత్తువ వస్తేనే ఆపరేషన్ అని డాక్టరమ్మ చెప్పింది. కల్చట్టిలో ఆకు ఉడకేసి మెత్తగా ఎనిపిన పుల్లగూరయితే తింటాదంట. అల్యూమినియం గిన్నెలో చేసి తీసకపోతే ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోని ఊసేసింది."

"వంట నువ్వే చేస్తున్నావా మేస్త్రీ?"

"ఇంగెవురుండారు? సిమెంటు మాలు కలపడం తప్ప నాకేం తెలుసు? పులుసు చేస్తే గోడకు పూసేట్లు ఉంటాది." నవ్వి, చట్టిని రెండు చేతులతో ఎత్తాడు. "దీన్ని ఇప్పుడే పొయ్యి మీద పెట్టొచ్చునా?"

కొత్త కల్చట్టిని వెంటనే మంట మీద పెట్టకూడదు. ఆముదం, పసుపు రాసి ఆరబెట్టాలి. తర్వాత రోజూ వేడి గంజి పోసి ఉంచాలి. అలా వారం పైన గడిచాకే సన్నని సెగ చూపించాలి. మా వృత్తిలో దీన్ని సీజనింగ్ అంటారు. ఇళ్ళలో ఆడవాళ్ళు చట్టిని మంటకు అలవాటు చేయడం అంటారు. నాకిది చిన్నప్పటి నుంచీ తెలుసు. చెబితే ఆయన చట్టిని బల్ల మీద పెట్టి వెళ్ళిపోతాడు.

"పెట్టుకోవచ్చు. మంట సన్నగా ఉంచు" అన్నాను. ఆయన డబ్బిచ్చి చట్టి పట్టుకుపోయాడు.

సాయంత్రం ఆయన పగిలిన చట్టి ముక్కలు రెండు తువ్వాలులో చుట్టుకుని వచ్చాడు. చేతి మీద ఆకుకూర మరకలున్నాయి. పోట్లాటకు వచ్చాడనుకున్నాను.

"నేనే పగలగొట్టినా నాయనా. మంట ఎక్కువ పెట్టినానేమో. అంతా స్టవ్ మీద పోయింది. ఆడ ఆమె ఎదురుచూస్తా ఉండాది."

నిజం చెప్పడానికి నాకు రెండో అవకాశం అది.

"మంట ఎక్కువయ్యుంటుంది" అన్నాను.

ఆయన తల ఊపి, ముక్కలు బల్ల మీదే పెట్టి, రేపు ఇంకొకటి కొంటానని వెళ్ళిపోయాడు. ఆ ముక్కలు పట్టుకుని ఇంటికి వచ్చాను. నా భార్య సరోజ ఒక ముక్కను గోటితో గీకి చూసింది.

"ఇది గంజి ఎరగని చట్టి. ఆయనకు చెప్పినారా?"

"లేదు."

సరోజ లేచింది. వంటింట్లోకి వెళ్ళి, తను కాపురానికి వచ్చిన కొత్తలో అలవాటు చేసిన కల్చట్టిని కడిగి తుడిచింది. వాడివాడి నల్లగా నిగనిగలాడుతోంది. మా ఇంటి పులుసులన్నిటికీ రుచి దానిదే.

"తీసకపోండి. ఆమె తిననీ. కానీ చట్టి ఇచ్చేసి ఊరికే వచ్చేయొద్దు. నోరు తెరిచి చెప్పండి."

మర్నాడు పొద్దున్నే ఆ చట్టితో లాడ్జీ గదికి వెళ్ళి, తప్పు నాదేనని చెప్పాను. మునిరత్నం మంచం అంచున కూర్చున్నాడు.

"గోడ కట్టినాక నీళ్ళు పట్టకుండా బరువు మోపుతామా నాయనా? చెప్పింటే ఆగుతా ఉంటినే. ఆగడం నాకు తెలుసు. రాత్రంతా నన్ను నేనే తిట్టుకుంటా ఉన్నా."

కింద కూర్చుని ఆకు తుంచాను. ఆయన చింతపండు నానేశాడు. ఉడికాక ఆయన చట్టి పట్టుకుంటే నేను పప్పుగుత్తితో ఎనిపాను. చట్టితోనే ఆసుపత్రికి వెళ్ళాం.

ఆయన భార్య సుగుణమ్మ దిండుకు ఆనుకుని కూర్చుంది. మణికట్టు నా రెండు వేళ్ళంత ఉంది. ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. మింగింది. తర్వాత చట్టి అంచును వేలితో తడిమింది.

"ఇది మన చట్టి కాదే."

"వీళ్ళింటిది" అన్నాడు మునిరత్నం.

ఆమె నా వైపు తిరిగింది. "మీ ఇంట్లో ఆయమ్మకు ఇయ్యడానికి చేతులెట్ల వచ్చినాయప్పా?" అని, ఇంకో ముద్ద కలుపుకుంది.

ఆపరేషన్ జరిగింది. ఊరికి వెళ్ళే రోజు మునిరత్నం గిన్నెలన్నీ బై-బ్యాక్‌కు తెచ్చాడు. కల్చట్టిని విడిగా తువ్వాలులో చుట్టి తెచ్చాడు. వాళ్ళతోనే పోనిమ్మని సరోజ ముందే చెప్పింది. తిరిగి ఆయన చేతిలోనే పెట్టాను. కాట్పాడి వైపు బస్సెక్కి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఎవరు కల్చట్టి అడిగినా, ఇది ఈ రోజు వండుకోవడానికి కాదని మొదట చెప్పేవాణ్ణి. చాలామంది అక్కడే పెట్టి వెళ్ళిపోయేవారు. నాకు నచ్చిన వస్తువును ఇంకొకరి చేతిలో పెట్టేటప్పుడు, అది వాళ్ళ నుంచి ఏం కోరుతుందో కూడా చెప్పాలి. నాకు నచ్చిందన్న మాట ఒక్కటే చెప్పి ఊరుకోవడం కూడా మోసమేనని నాకు తెలిసింది ఆ మనిషి తనను తాను తిట్టుకున్నాకే.

సరోజ ఇచ్చేసిన చట్టికి బదులు ఇంటికి తెచ్చిన కొత్తదానికి రోజూ నేనే గంజి పోశాను. సరోజ దానిలో వండుతూనే ఉంది. ఆ రుచి మాత్రం రాలేదు. కంచం ముందు కూర్చుంటే మనసు పొన్నైకి పోతుంది. ఆ చట్టి ఇంకా ఏదైనా పొయ్యి మీద ఉందా, దానిలో ఎనిపేది సుగుణమ్మేనా అని తెలుసుకోవాలనిపిస్తుంది. పొన్నై వాళ్ళు కొట్టుకు వచ్చినప్పుడల్లా అడగబోయి, ఏం వినాల్సి వస్తుందోనని వెనక్కి తగ్గి, "ఏం కావాలప్పా?" అని మాత్రమే అడిగేవాణ్ణి.