ఇసుక మీద అడిగిన ప్రశ్న

నా పేరు వైకుంఠరావు. మాది ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలున్న కుటుంబం. చెట్టెక్కితే కళ్ళు తిరిగే కొడుకు పుట్టాడని మా నాన్న చాలాకాలం కుమిలిపోయాడు. చివరికి "నేల మీద నడిసే ఉజ్జోగం ఏదైనా సూడండర్రా ఈడికి" అని కనబడ్డవాళ్ళందరినీ బతిమాలితే, ఎవరో నా చేత పోస్టుమాన్ పరీక్ష రాయించారు. అలా ఖాకీ చొక్కా తొడుక్కున్నాను. నాన్న దాన్ని చూపించి, కొడుక్కి పోలీసు ఉద్యోగం వచ్చిందని పక్క ఊళ్ళో చెప్పుకున్నాడు. నేనూ కాదనలేదు.

పోస్టుమాన్‌కి కేంద్ర ప్రభుత్వం చాలానే ఇస్తుంది. జీతం, కరువు భత్యం సరే. బూట్లిస్తుంది, గొడుగిస్తుంది, సైకిలు తొక్కినందుకు భత్యమిస్తుంది, దసరాకి బోనసు ఇస్తుంది. పెళ్ళాం పిల్లలతో దేశం చూసి రమ్మని దారి ఖర్చులు కూడా ఇస్తుంది. ఖాకీ బట్టలు శుభ్రంగా ఉండాలని ఉతుకు భత్యం అని ఒకటి ఇస్తుంది. అందులో భత్యం నాకు దక్కేది, ఉతుకు మా ఆవిడ నీలవేణికి దక్కేది.

"ఆ డబ్బులు నాకియ్యాల గదా? ఉతికేది నానా, నువ్వా?" అని ఆవిడ జీతాల రోజున అడిగేది.

"అదేటంత వత్తాదే. ఏటీ రాదు" అని నేను చెప్పేవాణ్ణి.

ఈ మాట నా నోటికి ఎంత అలవాటైపోయిందంటే, భోజనం బాగుందా అని అడిగినా ఏటీ లేదనే అనేవాణ్ణి.

మా సబ్ పోస్టాఫీసు కింద భావనపాడు వైపు ఒక చేపలవాళ్ళ పేట ఉండేది. ఆ రోజుల్లో ఆ పేటలో ముసలివాళ్ళకి ప్రభుత్వ పింఛను మనియార్డరుగా వచ్చేది. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించాలంటారు కదా, ఆ పూజారిని నేను. నా సైకిలు గంట వినబడితే గుమ్మాల్లోకి ముసలి తలకాయలు వచ్చేవి. అది చూసి నాకు రొమ్ము పొంగేది. ఆ డబ్బు నా జేబులోంచి తీసి ఇస్తున్నట్టే నడిచేవాణ్ణి.

అందరిలోకీ నాకు దగ్గరివాడు దానయ్య. ఒకప్పుడు తెప్ప మీద చాలా దూరం వెళ్ళి వేటాడినవాడు. వయసు మీదపడ్డాక ఒడ్డునే కూర్చుని వలలు బాగుచేసేవాడు. అతని భార్య మంగమ్మ. ఇద్దరు కొడుకులున్నా ముసలాళ్ళ పొయ్యి వేరు. "పింఛనీ ఉన్నన్నాళ్ళూ మా కుండ మాదే. అది ఆగిపోతే కోడళ్ళ గుమ్మాల కాడ కంచం పట్టుకు నిలబడాల" అనేది మంగమ్మ. నేను డబ్బు ఇచ్చి, వేలిముద్ర వేయించుకుని లేవగానే, ఆకులో చుట్టిన చేపని నా సైకిలు హ్యాండిలుకి కట్టేసేది. వద్దనేవాణ్ణి. మర్యాద కోసం ఒక్కసారే వద్దనేవాణ్ణి.

ఒక సంగతి మాత్రం నాకు అర్థమయ్యేది కాదు. ఎండలో పేటంతా తిరగడం బద్ధకమై, ఒడ్డున కనబడినవాళ్ళకి అక్కడే డబ్బు ఇచ్చేద్దామని చూసేవాణ్ణి. ఒక్కరూ తీసుకునేవారు కాదు. "ఇంటికెల్లు బావూ, ఇంటికాడ" అని చెయ్యి ఊపేవారు. ఖాకీ బట్టల పెద్దమనిషిని ఇసుకలో నిలబెట్టడం బాగుండదని మర్యాద చేస్తున్నారనుకున్నాను. నా గురించి నేను తక్కువ అనుకున్న రోజు ఒక్కటీ లేదు.

రెండువేల ఒకటిలో పార్లమెంటు కమిటీ వస్తోందని కబురొచ్చింది. పింఛన్లు ముసలివాళ్ళకి సరిగ్గా చేరుతున్నాయా, వాటిని చేర్చే ఉద్యోగులకు ప్రభుత్వం ఏమేం ఇస్తోంది, ఇవన్నీ ఎంపీలు స్వయంగా అడిగి తెలుసుకుంటారట. మా ఇన్‌స్పెక్టరు పోలారావు గారికి ఆ వార్తతో నిద్ర పట్టలేదు. ఆయనకి పట్టకపోతే మాకెవరికీ పట్టనిచ్చేవాడు కాదు.

"వైకుంఠం, ఆ పేట నీది. ఏర్పాట్లన్నీ నువ్వే సూడు. తేడా వత్తే నువ్వే పోతావు" అన్నాడు.

ఎప్పుడూ ఎవరూ నాకు ఏర్పాట్లు అప్పగించలేదు. మా ఇంట్లో పెళ్ళికి కూడా నాకు ఇచ్చిన పని చెప్పుల దగ్గర కాపలా. కాబట్టి బుర్రంతా పెట్టి ఆలోచించాను. పేటలో సందులు ఇరుకు, ఎండుచేపల వాసన. ఢిల్లీ నుంచి వచ్చేవాళ్ళని అక్కడ ఎలా కూర్చోబెడతాం? ఒడ్డున తెప్పల పక్కన షామియానా వేయిస్తే సముద్రపు గాలి, ఎదురుగా అలలు, చేతిలో కొబ్బరిబోండాం. ఇంతకన్నా బుద్ధిమంతుడు మన శాఖలో ఉన్నాడా అని పోలారావు గారు కూడా అనుకుంటాడనిపించింది. ముందురోజు పేటకి వెళ్ళి దానయ్యని అతని ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి పాఠం చెప్పాను.

"మావా, కమిటీకి పెద్ద ఆవిడంట, పింఛను అందుతోందా అని అడుగుతాది. నువ్వేటనాల?"

"అందతంది తల్లీ, పెతి నెలా" అన్నాడు దానయ్య, ఉన్న నాలుగు పళ్ళూ బయటపెట్టి.

మిగతావాళ్ళకీ ఇళ్ళ దగ్గరే నేర్పాను. అందరూ చక్కగా అప్పజెప్పారు. ఒడ్డున షామియానా సంగతి మాత్రం మర్నాడు చూసి మురిసిపోతారని ఎవరికీ చెప్పలేదు. బళ్ళో మాస్టరైనా అయ్యుండాల్సిందని ఇంటికొస్తూ సైకిలు మీద అనుకున్నాను.

మర్నాడు ఎంపీలు మొదట మా పోస్టాఫీసుకే వచ్చారు. వాళ్ళకి పెద్ద ఒక తెలుగావిడ, రాయలసీమ నుంచి గెలిచినావిడ. కళ్ళజోడు మీంచి చూస్తుంది. ఆవిడ సరాసరి నన్నే అడిగింది. "ఏమయ్యా పోస్టుమాన్, జీతం కాక ఇంకేమేం వస్తాయి నీకు?"

బూట్లు, గొడుగు, బోనసు, ఉతుకు భత్యం అన్నీ నాలిక చివరిదాకా వచ్చాయి. ఉన్నాయంటే చాలనుకుని కోసేస్తారేమో! "ఏమీ రావమ్మా" అన్నాను. ఆవిడ చూపు నా కొత్త బూట్ల మీద పడింది. నేను పాదాలు బల్ల కిందికి లాక్కున్నాను.

తర్వాత అందరం ఒడ్డుకి వెళ్ళాం. షామియానా గాలికి రెపరెపలాడుతోంది. తెప్పలు అప్పుడే వేట నుంచి వచ్చి ఇసుక మీదికి చేరుతున్నాయి. ముసలివాళ్ళు వరసగా కూర్చున్నారు. ఎంపీ గారు దానయ్యతోనే మొదలుపెట్టింది.

"పెద్దాయనా, పింఛను అందుతోందా?"

దానయ్య సముద్రం వైపు చూశాడు. "ఏటీ నేదు తల్లీ" అన్నాడు.

నా చేతిలో కొబ్బరిబోండాం జారింది.

"ఎప్పుడూ రాలేదా?"

"ఏటీ రానేదు."

ఆవిడ పక్కనున్న ముసలమ్మని అడిగింది. ఏటీ నేదు. ఆ పక్కాయనా అదే. వరస చివరిదాకా ఒక్కటే పాట. నిన్న నా దగ్గర పాఠం అప్పజెప్పినవాళ్ళే, కళ్ళు సముద్రం మీద పెట్టుకుని, ఎవరో మంత్రించినట్టు తల అడ్డంగా ఊపుతున్నారు. పోలారావు గారు వేలిముద్రలున్న రసీదుల కట్ట తీసి చూపించాడు. "వేలిముద్రదేముంది, ఎవరి వేలైనా వెయ్యొచ్చు" అంది ఎంపీ గారు. తర్వాత కళ్ళజోడు మీంచి నా వైపు చూసింది. పేటలో ముసలివాళ్ళ డబ్బంతా మింగి కొత్త బూట్లు వేసుకున్న మనిషిని చూసే చూపు అది.

పోలారావు గారు నన్ను తెప్ప చాటుకి లాగాడు. "సాయంత్రానికి ఇది తేలకపోతే సస్పెన్షను. తర్వాత డిస్మిస్సు. నీ పింఛను కూడా పోద్ది, తెలుసా?"

పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంకా ఎనిమిదేళ్ళు చేస్తే నాకూ పింఛను వస్తుంది. చెట్టెక్కలేని వాడికి ముసలితనంలో అదే చెట్టు, అదే నీడ. అది పోతే అన్నదమ్ముల గుమ్మంలో కంచం పట్టుకుని నిలబడాల్సిన వాణ్ణి నేనే. పరిగెత్తి దానయ్య కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

"మావా, నీకు నానేటి సేసేను? నా చేతుల్తో ఇచ్చిన డబ్బు రాలేదంటావేటి? నా ఉజ్జోగం పోద్ది మావా!" ఏడుపు గొంతు దాటి బయటికే వచ్చేసింది. అంతమందిలో, ఖాకీ బట్టల్లో.

దానయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు. కళ్ళు మాత్రం సముద్రం మీంచి తిప్పలేదు. రెండో చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. అతనికీ ఏడుపొస్తోందని అప్పుడు తెలిసింది.

అదే సమయానికి చేపల గంప నెత్తిన పెట్టుకుని మంగమ్మ అటు వచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది. "ఏటయ్యింది పోస్టుబావూ? ఎవులు పోనారు?"

జరిగింది చెప్పాను. ఆమె షామియానా వైపు, వరసగా కూర్చున్న ముసలివాళ్ళ వైపు చూసింది. గంప దింపకుండానే నవ్వింది.

"నీకు బుద్ధుందా? ఇసక మీద అడిగిస్తావా?" అని నన్ను తిట్టి, ఎంపీ గారి దగ్గరికి వెళ్ళింది. "తల్లీ, ఇక్కడ నువ్వు సచ్చేదాకా అడుగు, ఎవుడూ సెప్పడు. ఇంటికి రా. ఇంటికాడ సెప్తారు."

"ఇక్కడ చెబితే ఏం?" అంది ఆవిడ.

మంగమ్మ సముద్రం వైపు కళ్ళతో చూపించింది. అందరినీ వెంటబెట్టుకుని పేట వైపు నడిచింది. ఇసుక దాటి, మొగలిపొదలు దాటాక గాని మళ్ళీ నోరు విప్పలేదు.

"మాకు దొరికిందని, వచ్చిందని, సాలని ఇసక మీద అనకూడదు. గంగమ్మతల్లి ఇంటాది. ఈళ్ళకి సాలు, ఇంకేటియ్యాల అనుకుంటాది. నిండా చేపలతో వచ్చినోడు కూడా ఒడ్డు మీద ఏటీ నేదనే అంటాడు. మా తాతల నాడు కూడా అంతే."

నేను ఇన్నేళ్ళు ఆ పేటలో తిరిగాను. "ఇంటికెల్లు బావూ" అన్న ప్రతిసారీ నాకు మర్యాద జరుగుతోందనుకున్నాను. సముద్రానికి చేస్తున్న మర్యాదని నా ఖాతాలో వేసుకున్నానన్నమాట. ఆ ముసలివాళ్ళని ఒడ్డున, సరిగ్గా తెప్పలు చేరే వేళకి, సముద్రానికి ఎదురుగా కూర్చోబెట్టింది నేనే. సముద్రం బాగా కనబడాలని కుర్చీలు కూడా ముందుకి జరిపించాను.

దానయ్య ఇంటి గుమ్మం దగ్గర ఎంపీ గారు మళ్ళీ అడిగింది. అరుగు మీద కూర్చున్న దానయ్య వేరే మనిషి.

"అందతంది తల్లీ, పెతి నెలా! ఈ బావే తెస్తాడు. వానొచ్చినా తెస్తాడు. తుపాను అయినాక గెడ్డ పొంగితే సైకిలు నెత్తిన పెట్టుకుని వచ్చినాడు. సైకిలు తడవనేదు గానీ ఈడు మునిగినాడు" అన్నాడు.

వీధిలో గుమ్మం గుమ్మం నుంచీ అదే జవాబు వచ్చింది. నాకు ఊపిరి ఆడింది. అక్కడితో ఆగితే బాగుండును. మంగమ్మ మురిపెంగా ఇంకో మాట కలిపింది.

"మేమూ ఊరికే పంపం తల్లీ. మా గుమ్మం తొక్కినోడు ఉత్త సేతుల్తో ఎల్లకూడదు. పెతి నెలా ఈ బావుకి చందువ చేప కడతాను."

నోట్లో వెలక్కాయ పడింది. పోలారావు గారి వైపు చూశాను. ఆయన ఆకాశంలో ఏదో వెతుకుతున్నాడు. ప్రతి నెలా ఆ చందువలో తలకాయ వైపు సగం ఎవరింటికి వెళ్ళేదో ఆయనకీ నాకూ తెలుసు.

ఎంపీ గారు కళ్ళజోడు తీసింది. "ఏమయ్యా, పొద్దున నీకేమీ రావన్నావే. మీ పోస్టాఫీసులో కూడా ఇసుకేనా?"

పక్కనున్న ఎంపీకి ఆవిడ హిందీలో అదే చెప్పింది. ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వు నా ఉద్యోగాన్ని కాపాడుతుందంటే నేను ఎంతైనా నవ్వులపాలవుతానని ఆ రోజే తేల్చుకున్నాను. చేపలు తీసుకోకూడదని నన్ను నోటితో మందలించి, వాళ్ళు కార్లెక్కారు.

మరుసటి నెల నేను చేప వద్దన్నాను. మంగమ్మకి కోపం వచ్చింది. దానయ్య మధ్యేమార్గం చెప్పాడు. "కట్టించుకోకు. కూకుని తినీసి ఎల్లు." అప్పటినుంచి వాళ్ళ కుండలో అన్నం, చందువ పులుసు అక్కడే తినేవాణ్ణి. కడుపులోకి వెళ్ళినదాన్ని ఏ కమిటీ తనిఖీ చేస్తుంది? నష్టపోయింది పోలారావు గారొక్కడే.

కొన్నేళ్ళకి దానయ్య పోయాడు. ఆ తర్వాత మంగమ్మకి మంజూరైన పింఛను కూడా నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను. వేలిముద్ర వేస్తున్నప్పుడల్లా ఆ చెయ్యి చూసేవాణ్ణి. ఆ రోజు ఆ చేత్తో గంప పట్టుకుని ఆమె అటు రాకపోతే నేనేమయ్యేవాణ్ణో! ఆమె ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని, నేను దండం పెట్టడానికి ఒక వంక దొరికేదని ఉండేది నాకు.

రెండువేల తొమ్మిదిలో రిటైరయ్యాను. పింఛను బ్యాంకులో పడుతోంది. ఏటా ఒకసారి టెక్కలి వెళ్ళి, బతికే ఉన్నానని మనిషినే చూపించాలి. మొదటిసారి నీలవేణి కూడా వచ్చింది. నా ఖాకీలన్నీ ఉతికిన మనిషి, ఆ ఉతుకు డబ్బులు చివరికి ఎంత కూడాయో కళ్ళారా చూస్తానంది.

ఆఫీసరు మర్యాదస్తుడు. నా మొహం, ఫొటో పోల్చి చూసుకుని, "పింఛను, కరువు భత్యం అన్నీ సరిగ్గా పడుతున్నాయా అండీ?" అని అడిగాడు.

"ఏటి పడతన్నాయి బాబూ, ఏటీ..." నోరు దాని దారిన అది వెళ్ళిపోతోంది.

నీలవేణి మోచేత్తో పొడిచింది. "కిందికి సూడు. ఇది ఇసక కాదు, గచ్చు."

చూశాను. గచ్చే. సముద్రం ఎక్కడో పదిమైళ్ళ అవతల ఉంది. నాకు పింఛను మిగిల్చిన గుమ్మం కూడా అటే ఉంది. గొంతు సవరించుకుని, దానయ్యకి నేను నేర్పిన పాఠమే అప్పజెప్పాను.

"అందతంది బాబూ, పెతి నెలా."